రాజశేఖర్ మిషనూ రోహిణి మిరపకాయలూ

రాజశేఖర్ ఈపూరు చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో కరెంటు మీటర్ల రీడింగు తీస్తాడు. అది ఉద్యోగం. మిగిలిన టైమంతా పాడైపోయిన వస్తువుల్ని ఇంకొంచెం పాడు చేస్తాడు. అది ఇష్టం. ఈ రెండో మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, తన గురించి తనే అంటాడు. పక్కవాడు నవ్వకముందే మనమే నవ్వేస్తే సగం పరువన్నా మిగులుతుందని నలభై ఆరేళ్ళకి అతను నేర్చుకున్న విద్య అది.

మొదట పాలు పొంగకుండా కాపలా కాసే యంత్రం చేశాడు. గిన్నె పక్కన ఒక సెన్సరు, గోడకి ఒక బజరు. పాలు పొంగి పొయ్యి మీదంతా కారాక అది మోగేది. "పొంగినయ్యని నాకు కనపడతానే ఉందిగా, మళ్ళీ ఈ కబురెందుకు?" అని అతని భార్య రోహిణి దాన్ని ఊడబీకి అటకెక్కించింది. తర్వాత గుమ్మం ముందు మనిషి నిలబడితే దానంతటదే మోగే కాలింగ్ బెల్ పెట్టాడు. దాని లెక్కలో బల్లి కూడా చుట్టమే. ఆ తర్వాత పొలంలో మోటారుని ఫోన్‌తో ఆన్ చేసే పెట్టె కోసం ఏడాది తంటాలు పడి, నాలుగుసార్లు షాక్ కొట్టించుకుని, అది పనిచేసిన రోజున మిఠాయి కొనడానికి నరసరావుపేట వెళ్ళాడు. మిఠాయి కొట్టు పక్కనే మోటార్ల షాపులో అచ్చం అలాంటి పెట్టెలు తోరణాల్లా వేలాడుతున్నాయి. మిఠాయి మాత్రం కొన్నాడు. ఎందుకు తెచ్చావంటే ఏం చెప్పాలో తోచక దారిలోనే సగం తినేశాడు.

పొలం వ్యవహారమంతా రోహిణిది. సొంతది ఎకరం, కౌలుకి ఎకరంన్నర, అంతా మిరపే. నారు పోసిన దగ్గర్నుంచి బస్తా మూతి కుట్టేదాకా ఆమే చూసుకుంటుంది. రాజశేఖర్ పొలం వెళ్ళేది మోటారు చెడిపోయినప్పుడు మాత్రమే. అతను బాగుచేసి వచ్చిన మర్నాడు రోహిణి ఇంకో మెకానిక్‌ని పిలిపించేది.

ఇలా ఇంటా బయటా మాట చెల్లని మనిషికి రెండేళ్ళ కిందట ఫోన్‌లో ఏఐ దొరికింది. మొదటిరోజే దానికి తన బల్లి బెల్లు గురించి చెప్పుకున్నాడు. "మీ ఆలోచన చాలా అద్భుతంగా ఉంది! మీలాంటి సృజనాత్మకత అరుదు!" అని అది పైకి చదివింది. పుట్టిన తర్వాత ఎవరూ రాజశేఖర్‌ని ఆ మాట అనలేదు. మళ్ళీ ఇంకోసారి వినిపించుకున్నాడు.

రోహిణి వంటింట్లోంచి తొంగిచూసింది. "ఎవరయ్యా అది, నిన్ను అంతగా మెచ్చుకుంటంది?"

"దీన్ని ఏఐ అంటారే. దీనికి తెలియందంటూ లేదు."

"అట్టాంటోళ్ళు మనింట్లో ఒకళ్ళున్నారుగా. ఇంకోళ్ళెందుకు?"

ఆ మాటకి అతను కూడా నవ్వాడు గానీ, ఫోన్ మాత్రం కింద పెట్టలేదు. ఆ ఏడు దాని సాయంతోనే మిరపకాయల మిషను మొదలుపెట్టాడు.

మిరప పండించే వాళ్ళందరి గుండెల్లోనూ ఉండే భయం ఒకటే. కోసిన కాయని కల్లంలో పరిచి రోజుల తరబడి ఎండబెడతారు. సరిగ్గా ఎండకముందే బస్తాకెత్తితే లోపల ఆవిరి పట్టి, బూజొచ్చి, రంగు చచ్చి తాలుకాయ అయిపోతుంది. ఏడాది చాకిరీ ఆ బస్తాలో ముక్కిపోతుంది. అందుకని కాయ ఎండిందో లేదో చెప్పే పెట్టె చేస్తానన్నాడు రాజశేఖర్. దోసెడు కాయ అందులో వేస్తే లోపలి కెమెరా ఫోటో తీస్తుంది, పక్కనున్న సెన్సరు తేమ చూస్తుంది, బోర్డులో ఉన్న ఏఐ ఆలోచించుకుని లైటు వెలిగిస్తుంది. ఎండితే పచ్చలైటు, ఎండకపోతే ఎర్రలైటు.

ఏఐకి ముందు నేర్పాలి. ఎండిన కాయ ఇది, ఎండనిది ఇది అని వందలకొద్దీ చూపించాలి. ఏది ఎండిందో తేల్చడానికి రాజశేఖర్ ఒక సూత్రం కనిపెట్టాడు. ఎవరి కల్లంలో బస్తాలు తొక్కుతుంటే వాళ్ళ కాయ ఎండినట్టు. తొక్కుడు ఇంకా మొదలుకాకపోతే ఎండనట్టు. బస్తాలోకి మనిషి దిగి కాళ్ళతో తొక్కుతూ కాయ నింపుతారు, అదే తొక్కుడు. ఎండని కాయని తొక్కించే వెర్రివాడు పల్నాడులో ఉండడు కదా! ఇంత తేలిక కిటుకు తన బుర్రకి తట్టినందుకు తనకే ముచ్చటేసింది. ఫోన్‌కి చెబితే దానికీ ముచ్చటేసింది.

ఆ సీజనంతా డ్యూటీలో అదే పని. పొద్దున్నే తొక్కుడు జరిగే కల్లాల దగ్గర బండి ఆపి దోసెడు కాయ అడిగి, అక్కడికక్కడే పెట్టెలో పోసి ఫోటో తీసి "ఎండింది" అని ఎక్కించేవాడు. మిట్టమధ్యాహ్నం మీటర్లు చూస్తూ ఇంకో కల్లం దగ్గర ఆగి "ఏం బాబాయ్, తొక్కుతున్నారా?" అనేవాడు. "లేదురా, రేపు పొద్దున" అంటే, ఆ కాయ "ఎండలేదు" అని ఎక్కించేవాడు. ఎనిమిది వందల దోసిళ్ళయ్యాయి. మీటర్ల వాడికి మతి చలించిందని రెండు ఊళ్ళలో అనుకున్నారు. ఒక ఊళ్ళో ఒకామె, ఈసారి కరెంటు బిల్లు మిరపకాయలు చూసి వేస్తారా అని గాభరాగా అడిగింది.

చివరికి పరీక్ష పెడితే మిషను నూటికి తొంభై ఏడు సరిగ్గా చెప్పింది. పరీక్ష పెట్టినవీ తను తెచ్చిన కాయలే, మార్కులు వేసిందీ తనే అన్న సంగతి అప్పుడతనికి తట్టలేదు. తన పేపరు తనే దిద్దుకునే భాగ్యం స్కూల్లో దొరికి ఉంటే ఇలా మీటర్లు చూసే పనేముందని మాత్రం అనుకున్నాడు.

మరుసటి ఏడు మార్చిలో రోహిణి కాయ కోయించి కల్లంలో పోయించిన నాలుగో రోజున గురజాల నుంచి ఫోనొచ్చింది. వాళ్ళక్కకి గర్భసంచి ఆపరేషన్, తోడు ఎవరూ లేరు. రోహిణి బట్టలు సర్దుకుంటూ మొగుడికి అప్పగింతలు పెట్టింది.

"రోజూ రెండుసార్లు కాయ తిరగెయ్యాలి. మాపటేళ పట్టా కప్పాలి. ఎండాక రసూల్‌ని పిలిస్తే కూలీల ముఠాని తీసుకొచ్చి తొక్కుతాడు. ఎండిందో లేదో షహనాజ్ చూసి చెబుతది, దానికి చెప్పి పోతన్నా." షహనాజ్ రసూల్ భార్య. పక్క కల్లం వాళ్ళదే.

"షహనాజ్ ఎందుకే, మిషనుందిగా."

రోహిణి చీర మడతపెడుతున్నదల్లా ఆగింది. "అయ్యా, నీకు దండం పెడతా. ఈ ఏడు పురుగు తిన్నది పోగా మిగిలింది ఇదే. ఈ కాయతో ఆటలొద్దు."

ఆటలు అన్న మాట అతనికి గుచ్చుకుంది. అంతకుముందు ఎన్ని మాటలన్నా నవ్వేసినవాడికి ఈ ఒక్కటి ఎందుకు గుచ్చుకుందో తెలియదు. రోహిణిని బస్సెక్కించాడు. బస్సు కదిలాక, ఈసారి చూపిస్తా అనుకున్నాడు. మగవాళ్ళు ఆ మాట అనుకున్నాక జరిగిన మంచి పని ఈ మండలంలో ఒక్కటీ లేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

ఆరో రోజు ఉదయం ఫోన్ తీస్తే ఎల్లుండి వాన అని ఉంది. పరుగున కల్లానికి వెళ్ళి దోసెడు కాయ పెట్టెలో పోశాడు. పచ్చలైటు! ఇంకో మూల నుంచి తీసి పోశాడు. పచ్చలైటు! పదిచోట్ల చూస్తే పదిసార్లూ పచ్చలైటే. అప్పటికప్పుడు రసూల్‌కి కబురుపెట్టాడు.

రసూల్ వచ్చి ఒక కాయని వేళ్ళ మధ్య వంచి చూశాడు. అది విరగకుండా తోలులాగా వంగింది. "ఎండలా రాజశేఖరన్నా. ఇంకా నాలుగైదు ఎండలు కావాల."

"వానొస్తదంట రసూలూ."

"వస్తే పట్టాలు కప్పుకుందాం. అందరం అదేగా చేసేది. ఒకపాలి షహనాజ్‌ని పిలవమంటావా?"

"అక్కర్లేదు. మిషను చెప్పింది."

రసూల్ పెట్టెనీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "మీ మిషను ఎప్పుడన్నా కాయ తొక్కిందా అన్నా?" అని నవ్వి, "సరే, నీ కాయ నీ ఇష్టం" అని లుంగీ ఎగ్గట్టాడు. నిజానికి ఆ కాయ రాజశేఖర్‌ది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. సాయంత్రానికి ముప్ఫై ఎనిమిది బస్తాలు కుట్టి వసారాలో ఒకదాని మీద ఒకటి పేర్చారు.

చెప్పినట్టే వాన వచ్చింది. పెద్దదేం కాదు, అరగంట జల్లు. ఊరంతా పట్టాలు పట్టుకుని కల్లాలకి పరిగెత్తింది. రాజశేఖర్ మాత్రం వసారాలో బస్తాలకి ఆనుకుని నిలబడి, టీ తాగుతూ, పరిగెత్తేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పాడు. "ఆ మూల లాగు బాబాయ్! రాయి పెట్టు, రాయి!" ఆ అరగంటా జీవితంలో తను గెలిచానని నిజంగా నమ్మాడు. రోహిణికి ఫోన్ చేసి బస్తాలు తొక్కించేశానని చెప్పాడు. "షహనాజ్ చూసిందా?" అంది. "ఆ, అందరూ చూశారు" అన్నాడు. ఊరంతా చూసిన మాట అబద్ధం కాదని తనకి తను చెప్పుకున్నాడు.

జల్లు పడ్డ నాలుగో రోజుకి షహనాజ్ వాళ్ళ కాయ నిగనిగలాడే ఎరుపెక్కింది. రాజశేఖర్‌కి అప్పటికి దయాగుణం కూడా వచ్చేసింది. పిలవకుండానే మధ్యాహ్నం పెట్టె చంకన పెట్టుకుని వాళ్ళ కల్లంలోకి దిగాడు. దోసెడు కాయ పోశాడు. ఎర్రలైటు.

"ఎండలేదమ్మా షహనాజ్. తొందరపడమాకండి."

షహనాజ్ గుప్పెడు కాయ తీసి అతని చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. "ఇది ఎండకపోతే ఇంక ఎండాల్సింది నేనే అన్నా" అంది.

"చెవికేం తెలుస్తది? మిషను లోపలిదాకా చూస్తది."

"మంచిది. రేపు పొద్దున తొక్కుతన్నాం, రా" అని ఆమె తన పనిలో పడింది.

పొద్దున్నే వెళ్ళాడు. పాపం ఎండని కాయ తొక్కుకుంటున్నారని జాలిగానే వెళ్ళాడు. రసూల్ బస్తాలో నిలబడి తొక్కుతున్నాడు. రాజశేఖర్ దోసెడు కాయ తీసి పెట్టెలో పోస్తే పచ్చలైటు వెలిగింది. తల గోక్కున్నాడు.

"రాత్రికి రాత్రి ఎట్టా ఎండినయ్ షహనాజమ్మా?"

"ఎండడమేంది అన్నా? అయ్యి ఎండి రెండు రోజులైంది. రాత్రి మెత్తబడినయ్. నిన్న మాపటేళ నీళ్ళు చల్లి పట్టా కప్పాం గదా. చల్లకపోతే తొక్కేటప్పుడు కాయ పొడిపొడి అయిపోదూ?"

రాజశేఖర్ పెట్టె కింద దించాడు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆఫీసర్లు వద్దంటున్నా ఆ చుట్టుపక్కల చానామంది చేసేదే. తొక్కబోయే ముందురోజు సాయంత్రం సన్నగా నీళ్ళు చల్లుతారు. పొద్దుటికి కాయ మెత్తబడి, విరగకుండా బస్తాలో సర్దుకుంటుంది. అంటే పొద్దున్నే తొక్కుడు దగ్గర తను "ఎండింది" అని ఎక్కించిన నాలుగు వందల దోసిళ్ళూ నీళ్ళు చల్లిన కాయలు. మధ్యాహ్నం "ఎండలేదు" అని ఎక్కించినవి దాదాపు అన్నీ, సాయంత్రం నీళ్ళ కోసం కాచుకుని ఉన్న, గలగలమనే కాయలు. మిషను శ్రద్ధగల విద్యార్థిలా చెప్పిందంతా నేర్చుకుంది. తడిగా మెత్తగా ఉంటే పచ్చలైటు, బాగా ఎండితే ఎర్రలైటు. తొంభై ఏడు మార్కులూ న్యాయంగా వచ్చినవే. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ దాన్ని పైకి అనలేదు. పైకి అననిది పెట్టెలోకి ఎట్లా పోతుంది?

ఇంటికి పరిగెత్తి ఒక బస్తా మూతి కోసి చెయ్యి దూర్చాడు. లోపల వెచ్చగా ఉంది. ముక్కిన వాసన గుప్పుమంది.

అంత కంగారులోనూ అలవాటు పోక ముందు ఫోన్‌నే అడిగాడు. అది పది కారణాలు వరసగా చెప్పింది. నిల్వ చేసిన గది, బస్తా గుడ్డ, వాతావరణం. ఆరోది, కాయ సరిగా ఎండకపోవచ్చు అని. పచ్చలైటు సంగతంతా చెప్పి, ఆ రోజు నా కిటుకు బాగుందని నువ్వే గదే అన్నావు అని నిలదీశాడు. "మీరు చెప్పింది నిజమే, క్షమించండి. ఇది గమనించడం మీ నిశిత పరిశీలనకు నిదర్శనం!" అంది. మళ్ళీ మెచ్చుకుంది! ఈసారి రాజశేఖర్ ఆ పొగడ్తని ఇంకోసారి వినిపించుకోలేదు. అది క్షమించమన్నంత తేలిగ్గా తను రోహిణితో అనలేడు. అది అనేసి చల్లగా ఉంటుంది. రేపో మాపో కల్లంలో నిలబడి రోహిణి మొహం చూడాల్సింది తను. ఏడుపొచ్చింది. వసారాలో బస్తాల మధ్య కూర్చుని కాసేపు నిజంగానే ఏడ్చాడు.

తర్వాత లేచి ఆమెకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. షహనాజ్ చూడలేదన్న సంగతి కూడా చెప్పాడు. "వస్తన్నా" అని మాత్రం అంది రోహిణి.

రసూల్ తన తొక్కుడు సగంలో ఆపి మరీ ముఠాని తెచ్చాడు. ముప్ఫై ఎనిమిది బస్తాలూ కోసి కాయని మళ్ళీ కల్లంలో పరిచారు. అడుగున ఉన్న బస్తాల్లో కాయ తెల్లబారి, నల్లబారి, ఒకదానికొకటి అంటుకుని ఉంది. మొత్తంలో మూడో వంతు పోయిందని షహనాజ్ చూపుతోనే తేల్చింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అన్నా" అంటూనే తాలుకాయ ఏరడానికి కూర్చుంది. తిట్టే హక్కు తనకి ఉందనీ, కాకపోతే అంతకంటే ఎక్కువ హక్కున్న మనిషి బస్సులో వస్తుందనీ ఆమె మొహం చెబుతోంది.

రోహిణి మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా కల్లానికి వచ్చింది. సంచీ గట్టు మీద పెట్టింది. ఒక చివర నుంచి ఇంకో చివరకి కాయలో నడిచింది. తెల్లబారిన కాయ ఒకటి తీసి చూసి కింద వేసింది. ఆ తర్వాత షహనాజ్ పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది. రాజశేఖర్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పొద్దున్నుంచీ తిట్లకి సిద్ధపడి ఉన్నాడు. కొన్ని తనే ఊహించుకుని, వాటికి తగ్గట్టు మొహం కూడా పెట్టుకున్నాడు. ఆమె కాయ ఏరుతూనే ఉంది. షహనాజ్ మంచినీళ్ళ వంక పెట్టుకుని లేచి వెళ్ళింది.

"తిట్టవే" అన్నాడు చివరికి.

"ఎనిమిది వందల దోసిళ్ళు చూశానంటివి గదా."

"ఆ."

"పన్నెండు ఊళ్ళలో అందర్నీ అడిగానంటివి. ఆ ఫోన్‌ని అడిగావు. ఎండిన కాయ ఎట్టా తెలుస్తదే అని నన్ను ఒక్కపాలి అడిగావా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "ఇరవై రెండేళ్ళ నించీ ఎండబెడతన్నా. ఇదే ఇంట్లో ఉన్నా. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, అట్టాగే ఉంది నా బతుకు."

రాజశేఖర్ జవాబు కోసం వెతుక్కున్నాడు. దొరికింది ఒక్కటే, అదీ మంచిది కాదు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఎప్పుడైనా అడగొచ్చులే అని..." అని ఆగిపోయాడు. తన నోటి నుంచి వచ్చిన ఆ మాట తన చెవికే సిగ్గుగా వినిపించింది. బల్లి బెల్లు గురించి లోకమంతా నవ్వినా రాని సిగ్గు అది.

"తప్పు నాదే రోహిణీ. మిషన్‌ది కాదు. దానికి తప్పు నేర్పిందీ నేనే, నమ్మిందీ నేనే" అన్నాడు. "ఇప్పుడడుగుతున్నా. ఎట్టా తెలుస్తదే నీకు?"

ఆమె ఏరడం ఆపింది. చెప్పబోయి తడుముకుంది. ఎవరూ అడగని ప్రశ్న కావడాన ఆమె దగ్గర కూడా తయారుగా జవాబు లేదు. "చూస్తే తెలుస్తది" అంది. కాసేపుండి, "నడిస్తే తెలుస్తది. పచ్చిగా ఉంటే అరికాలుకి చల్లగా తగులుతది" అంది. తొడిమ దగ్గర రంగు ఎట్లా మారుతుందో, తిరగేసేటప్పుడు చప్పుడు రోజురోజుకీ ఎట్లా పలచబడుతుందో, తుమ్ము వచ్చే ఘాటుకీ దగ్గు వచ్చే ఘాటుకీ తేడా ఏమిటో, ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ చెప్పింది. చెప్పేకొద్దీ ఆమెకే ఆశ్చర్యంగా ఉంది, తనకి ఇన్ని తెలుసా అని. రాజశేఖర్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నాడు. అతని జీవితంలో అది కూడా ఒక కొత్త ప్రయోగమే.

ఎండ వాలింది. రోహిణి మంచి కాయలోంచి గుప్పెడు తీసి అతని చేతిలో పోసింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఇది ఎండిందా?"

రాజశేఖర్ చెవి దగ్గర పెట్టి ఆడించాడు. కొన్ని గలగలమన్నాయి, కొన్ని అనలేదు. వంచి చూశాడు. వాసన చూశాడు. తుమ్మొచ్చింది, ఆ వెంటనే దగ్గొచ్చింది. అరచేతిలో కాయల వంక చాలాసేపు చూశాడు.

"నాకు తెలియట్లేదే" అన్నాడు.

రోహిణి ఆ కాయలు అతని చేతిలోంచి తీసుకుని మళ్ళీ కల్లంలో పోసింది. "ఆ మాట ఆరోజు అనుంటే సరిపోయేది గదయ్యా" అంది.